రేవు కాగితం

కాకినాడ మెయిన్ రోడ్డులో బట్టల కొట్టు పైనున్న ఆ గదికి వచ్చేవాళ్ళు మామూలుగా మెట్ల మీద కాసేపు ఆగి, వెనక్కి వెళ్ళిపోదామా అని ఆలోచించుకుని గాని తలుపు తట్టరు. ఆ బుధవారం పొద్దున వచ్చినాయన అసలు తలుపే తట్టలేదు. తెల్ల దుప్పట్లో చుట్టిన పెద్ద మూటని రెండు చేతులా గుండెకి అదుముకుని, భుజంతో తలుపు తోసుకుని లోపలికి వచ్చాడు.

వీరవేణి టైపు చెయ్యడం ఆపి లేచి నుంచుంది. డిటెక్టివ్ పరాంకుశం దగ్గర ఆమె పనిలో చేరి మూడేళ్ళయింది. భయపడ్డ మనుషుల్ని చాలామందినే చూసింది. ఈయన భయం వేరేగా ఉంది. తన ప్రాణం గురించి భయపడేవాడు వెనక్కి తిరిగి చూసుకుంటాడు. ఈయన చేతుల్లోని మూట వంకే చూస్తున్నాడు.

"ముందు ఆ పుస్తకం బల్ల మీద పెట్టండి. జారిపోయేలా ఉంది," అన్నాడు పరాంకుశం.

"పుస్తకమని మీకెలా తెలుసు?"

"అచ్చాఫీసులో పన్నెండేళ్ళు ప్రూఫులు దిద్దానండి. పాత తోలు అట్ట వాసన గుమ్మంలోంచే తెలుస్తుంది. కూర్చోండి. వీరవేణీ, మంచినీళ్ళు."

వచ్చినాయన నీళ్ళు తాగి, మొహం తుడుచుకుని చెప్పడం మొదలుపెట్టాడు. పేరు లక్ష్మణరావు. యానాం మునిసిపల్ కమిషనరు. నలభై దాటి ఉండవు గాని, రాత్రంతా నిద్ర లేకపోవడంతో పదేళ్ళు పెద్దవాడిలా ఉన్నాడు.

"మా దగ్గర చేపకి లోటు లేదండి. దరియాలతిప్ప నుంచి రోజూ పడవలొస్తాయి. లేనిది ఐసు. పొద్దెక్కేకొద్దీ చేప మెత్తబడుతుంది. వర్తకుడు ఎంతకడిగితే అంతకి ఇచ్చెయ్యాలి. మిగిలింది ఎండబెట్టాలి, లేదా పారబొయ్యాలి. కుర్రాళ్ళు వల పక్కన పడేసి విశాఖపట్నం పోతున్నారు. బజార్లో కొట్లు ఒక్కొక్కటే మూతపడుతున్నాయి. రెండేళ్ళు తిరిగి తిరిగి ఒక పథకం సాధించుకున్నాం. పాత రేవు దగ్గర ఐసు ఫ్యాక్టరీ, పడవలు ఆగే గట్టు, వేలం షెడ్డు, పడవలు బాగుచేసే చోటు. రెండు వందల ఇళ్ళకి పని దొరుకుతుంది."

"మరి అడ్డం ఏమొచ్చింది?"

"స్థలం మునిసిపాలిటీదేనని అసలు రికార్డు చూపించాలి. ఫ్రెంచి వాళ్ళ కాలంలో, పందొమ్మిది వందల ఇరవై తొమ్మిదిలో, మునిసిపల్ సభ ఆ స్థలాన్ని ఊరికి ఇస్తూ తీర్మానం చేసింది. అది ఈ పుస్తకంలో నూట నలభై నాలుగో పేజీలో ఉంది. ఉండాలి. నిన్న మధ్యాహ్నం చూస్తే ఆ కాగితాన్ని ఎవరో కోసేశారు. శుక్రవారం పాండిచ్చేరి నుంచి కమిటీ వస్తోంది. కాగితం లేకపోతే ఆ పథకం వేరే ఊరికి పోతుంది. అలా పోయినది మళ్ళీ మాకు రాదు."

"ఇంకో ప్రతి?"

"పాండిచ్చేరిలో ఉండొచ్చంటున్నారు. వెతికించడానికి నెలలు పడుతుందట. మనకున్నది రెండు రోజులు."

పరాంకుశం దుప్పటి విప్పాడు. పొడుగాటి తోలు అట్ట పుస్తకం. లోపల నల్ల సిరాతో గొలుసుకట్టు ఫ్రెంచి రాత. ఆయన భూతద్దం తీసుకుని కోత పడిన చోట తెరిచాడు. వీరవేణి పక్కన నుంచుని నోట్సు రాసుకుంది. ప్రతి పేజీ అడుగునా నల్ల సిరాతో అంకె ఉంది. ఎడమ పక్క పేజీ అడుగున 142, కుడి పక్క 145. మధ్యలో కుట్టు దగ్గర వేలెడు వెడల్పు కూడా లేని కాగితపు అంచు మిగిలింది. కుడి పక్క కాగితాలకి మాత్రం పై మూలన వెలిసిపోయిన ఎర్ర సిరాతో ఇంకో అంకె కూడా ఉంది. 145 పేజీ మూలన ఉన్నది 73.

"ఈ ఎర్ర అంకెలేమిటండీ?" అని అడిగింది వీరవేణి.

"పుస్తకం కట్టినప్పుడు వేసినవట. అడుగున నల్లవి తరవాత విషయసూచిక రాసినప్పుడు వేశారట. మా ఫ్రెంచి టీచరు చెప్పింది," అన్నాడు లక్ష్మణరావు.

పరాంకుశం 145 పేజీని కిటికీ వెలుగు కేసి వంచాడు. కుట్టు పక్కనే పైనుంచి కిందదాకా వెంట్రుకంత సన్నటి గీత. బ్లేడు మొన దిగిన గీత.

"ఇది రాసుకో వీరవేణీ. గీత 145 మీద ఉంది. 142 మీద ఏ గీతా లేదు. కమిషనర్ గారూ, కాగితం పోయిందని తెలిశాక ఈ పుస్తకాన్ని ఎవరెవరు ముట్టుకున్నారు?"

"నేనూ, ఫిలోమినా టీచరూ, రికార్డు కీపరు లూయిస్. ఆ క్షణమే ఇనప్పెట్టెలో పెట్టి తాళం వేశాను. మిగతావాళ్ళకి నూట నలభై నాలుగో పేజీ పోయిందని మాత్రం చెప్పాం."

"పోలీసులకి?"

కమిషనరు తల దించుకున్నాడు. "చెబితే ముందు లూయిస్‌ని పట్టుకెళ్తారండి. తాళంచెవి ఆయన దగ్గర ఉంటుంది. ముప్పై ఏళ్ళ నుంచి ఆ కాగితాలని చెమ్మ తగలకుండా కాపాడుకొస్తున్న మనిషి. కౌన్సిలర్లు ఆయన్ని సస్పెండు చెయ్యమని పట్టుబట్టారు. ఆర్డరు టైపయి నా బల్ల మీద ఉంది. సంతకం పెట్టడానికి చెయ్యి రావడం లేదు."

పరాంకుశం పుస్తకం మూసి, జాగ్రత్తగా దుప్పటి చుట్టాడు. "రేపు సాయంత్రం దాకా పెట్టకండి," అన్నాడు.

* * *

జీపు తాళ్ళరేవు దాటి యానాం వైపు పోతుంటే లక్ష్మణరావు మంగళవారం సంగతి వివరంగా చెప్పాడు. పది గంటలకి లూయిస్ పుస్తకాన్ని రికార్డు గదిలోంచి తెచ్చి కమిషనరు గదిలో పక్క బల్ల మీద పెట్టాడు. అప్పుడు ఉద్యోగులందర్నీ పిలిచి లక్ష్మణరావు ఒక మాట చెప్పాడు: రెండు గంటలకి ఫిలోమినా టీచరు వస్తారు, రేవు తీర్మానం ఒక్కటే కాదు, పుస్తకంలో ప్రతి కాగితమూ చదివి తెలుగులో చెబుతారు, ఊరికి రావాల్సిన స్థలాలు ఇంకా ఏమైనా ఉంటే బయటపడతాయి. ఒంటిగంటకి ఆయన భోజనానికి ఇంటికి వెళ్ళాడు. రెండింటికి టీచరు వచ్చి పుస్తకం తెరిచింది.

"ఎవరి మీద అనుమానం?"

"ఊరంతా సూర్యనారాయణ పేరే చెబుతోంది. చేపల వర్తకుడు. రేవు పక్కన ఆయన గోడౌను. ఆ స్థలం తాను కొనుక్కున్నదంటాడు. ఐసు ఫ్యాక్టరీ వస్తే ఆయన చెప్పిన ధరకి చేప ఇచ్చేవాళ్ళుండరు. పైగా నిన్న భోజనాల వేళ నా గదిలో కూర్చుని వెళ్ళాడు."

"మీ వైపు ఈ పథకం చూస్తున్నదెవరు?"

లక్ష్మణరావు మొహం మొదటిసారి కాస్త తేటపడింది. "ఓవర్సీరు సత్తిబాబు. దరియాలతిప్ప పడవ ఇంట్లో పుట్టినవాడు. సర్వే గొలుసు పట్టే చైన్‌మ్యాన్‌గా చేరి ఇంతవాడయ్యాడు. ప్లాన్లన్నీ ఆయన గీసినవే. ఎనభై ఏడులో రిటైరవుతాడు. యాభై ఎనిమిది నిండేలోగా ఐసు ఫ్యాక్టరీ తిరగడం చూడాలని ఆయన పట్టుదల. ఈ మూడేళ్ళూ ఆయనుంటే చాలు, పని అయిపోతుంది. పైనుంచి కొత్తవాణ్ణి వేస్తే కాగితాలు అర్థం చేసుకునేసరికే ఏడాది గడిచిపోతుంది."

ముందు రేవుకే తీసుకెళ్ళమన్నాడు పరాంకుశం. గోదావరి నిండుగా, ఎర్రగా పారుతోంది. గట్టు మీద తుమ్మ పొదలు, విరిగిన పడవలు రెండు. వాటి మధ్యలోంచి నదిలోకి దిగుతున్న రాతి మెట్లు ఇంకా గట్టిగానే ఉన్నాయి. పై మెట్టు మీద చెక్కిన అంకెల్లోని మట్టిని వీరవేణి వేలితో తుడిచింది. 1934.

టేపు పట్టుకుని కొలతలు వేస్తున్న బక్కపల్చటి మనిషి వాళ్ళని చూసి పైకి వచ్చాడు. చంకలో ప్లాన్లు పెట్టుకునే పొడుగాటి రేకు గొట్టం. తల నెరిసినా నడకలో చురుకుంది.

"నమస్కారమండి. సత్తిబాబునండి."

"కాగితం పోయింది కదా, ఇంకా కొలుస్తున్నారేం?" అన్నాడు పరాంకుశం.

"కాగితం పోయిందని స్థలం పోదు కదండీ. వాళ్ళు శుక్రవారం వస్తే కొలతలన్నా తప్పు లేకుండా ఉండాలి." అతను నది వంక చూశాడు. "మా అమ్మ చేపల తట్ట నెత్తిన పెట్టుకుని మెట్టకూరు దాకా నడిచేదండి. ఎండ ముదిరితే కొనేవాళ్ళుండరు. తిరిగొచ్చేటప్పుడు తట్ట దించి, గట్టు మీద గొయ్యి తీసి పూడ్చేసేది. అది చూస్తూ పెరిగానండి. ఐసు ఎంత పెద్ద విషయమో మాకు ఎవరూ చెప్పక్కర్లేదు."

"మెట్లు బాగా కట్టారు."

"ఆయ్, నేనూ మోశానండి," అన్నాడు సత్తిబాబు, కాస్త గర్వంగా. "కట్టేటప్పుడు మా అమ్మతో పాటు కూలికొచ్చేవాణ్ణి. కంకర తట్ట నెత్తిన పెట్టుకుని ఆ చివర నుంచి ఈ చివరకి. పెద్దవాళ్ళకిచ్చేదాంట్లో సగం కూలి నాకూ ఇచ్చేవారు."

పరాంకుశం మెట్ల మీద కూర్చున్నాడు. "నిన్న భోజనాల వేళ మీరు కమిషనరు గారి గదిలోకి వెళ్ళారా?"

"వెళ్ళానండి. ప్లాన్లు బల్ల మీద పెట్టి వచ్చేశాను."

"పుస్తకం చూశారా?"

"బల్ల మీద ఉంది. మనకి ఫ్రెంచి రాదు కదండీ." అతను టేపు చుట్టడం మొదలుపెట్టాడు. చుట్టడం పూర్తయ్యాక అది వదులుగా ఉందని మళ్ళీ విప్పాడు. "ఒక్క కాగితమండి. ఆ డెబ్భై రెండో కాగితం ఒక్కటి లేకపోతే ఇంత ఊరూ ఆగిపోవాలంటే మనసు ఒప్పుకోవడం లేదు. ఏదో దారి ఉంటుంది. లూయిస్ గారిని మాత్రం ఏమీ అనొద్దని చెప్పండి. ఆయన చెయ్యలేదు."

"ఎవరు చేశారనుకుంటున్నారు?"

"నాకేం తెలుసండి," అన్నాడు సత్తిబాబు.

* * *

మునిసిపల్ ఆఫీసులో టైపిస్టు సరోజిని బల్ల కమిషనరు గది గుమ్మానికి ఎదురుగానే ఉంది. ఆమె క్యారేజీ తెచ్చుకుని అక్కడే తింటుంది.

"ఒంటిగంట దాటాక ముందు ఓవర్సీరు గారు ప్లాన్లు పట్టుకుని లోపలికెళ్ళారు. ఎంతసేపున్నారో చూళ్ళేదు, నేను చెయ్యి కడుక్కోడానికి వెళ్ళాను. తరవాత సూర్యనారాయణ గారొచ్చి పది నిమిషాలు కూర్చుని విసుక్కుని వెళ్ళిపోయారు. లూయిస్ గారు రికార్డు గదిలోంచి కదల్లేదు. ఇంకెవరూ రాలేదండి."

లూయిస్ తన గదిలో, ఎత్తయిన బీరువాల మధ్య స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, మెడలో సన్నటి గొలుసుకి శిలువ. ప్రశ్న అడక్కముందే తాళాల గుత్తి పరాంకుశం ముందు పెట్టాడు.

"ఇవి తీసేసుకుంటారని తెలుసండి. ముందే ఇచ్చేస్తున్నాను."

"నేను అడగలేదే. ఒక్కటి చెప్పండి. ఆ పుస్తకం మీకు కావాలంటే ఎప్పుడు తీసుకోగలరు?"

"ఎప్పుడైనా. నా చేతిలోనే ఉంటుంది కదండీ. మూడు నెలల కిందట కూడా ఎండలో పెట్టి దులిపాను."

"అప్పుడు కాగితాలన్నీ ఉన్నాయా?"

"ఉన్నాయండి. లేకపోతే నాకు తెలుస్తుంది." ఆయన పక్కనున్న బీరువా తలుపు దగ్గరగా వేశాడు. "ఒక్క పేజీ లేకపోయినా వాసనతోనే పట్టగలనండి. నన్ను దొంగ అన్నా పడతాను. పుస్తకాన్ని కోశానంటే పడలేను."

సూర్యనారాయణ గోడౌనులో తూకం దగ్గర నుంచుని ఉన్నాడు. రామచంద్రపురం వైపు పల్లెనుంచి పాతికేళ్ళ కిందట వచ్చి స్థిరపడ్డ మనిషి. పెద్ద గొంతు.

"నేనే చేశానని ఊరంతా అనుకుంటున్నారని తెలుసండి. నాకు కాగితం కోసే అవసరం ఏముంది? కోర్టుకెళ్తే పదేళ్ళు పడుతుంది. ఆ పదేళ్ళూ స్థలం నా చేతిలోనే ఉంటుంది. కమిషనరుగారితో ఆ మాటే చెబుదామని వెళ్ళాను. దాచుకోడానికేం లేదు, వాళ్ళ ఫ్యాక్టరీ నాకు ఇష్టం లేదు. ఆ మాట మొహం మీదే చెబుతాను."

"పుస్తకం ముట్టుకున్నారా?"

"ఆ బూజు పుస్తకమా? నా టోపీ దాని మీద పెట్టాను, అంతే."

బయటికొచ్చాక వీరవేణి ఆగలేకపోయింది. "సార్, ఈయన మొహమాటం లేకుండా మాట్లాడుతున్నాడు. అయినా లాభం ఈయనకే కదా."

"ఎవరికి లాభమో అందరూ చూశారు వీరవేణీ. కాగితానికి ఎన్ని వైపులుంటాయో ఎవరూ చూళ్ళేదు," అన్నాడు పరాంకుశం. అంతకుమించి చెప్పలేదు. ఆయన అలా నడక వేగం పెంచాడంటే దారి దొరికినట్టేనని ఆమెకి తెలుసు. వెనకే దాదాపు పరుగు పెట్టింది.

ఫిలోమినా టీచరు ఇల్లు చర్చి వెనక వీధిలో ఉంది. డెబ్భై ఏళ్ళు నిండిన మనిషి, నిటారుగా కూర్చుంటుంది. వాళ్ళు తెచ్చిన పుస్తకం చివరనున్న విషయసూచిక తీసి, కళ్ళజోడు సర్దుకుని, అడిగిన చోట చదివి చెప్పింది.

"నూట నలభై ఒకటి, బజారు బావి మరమ్మతు. నూట నలభై మూడు, ఆలస్యంగా రాయించిన పుట్టుకలు. నూట నలభై నాలుగు, రేవు స్థలం ఊరికి ఇవ్వడం. నూట నలభై అయిదు, దీపాల నూనె."

"ఆలస్యంగా రాయించిన పుట్టుకలంటే ఏమిటి టీచర్ గారూ?"

"పిల్లలు పుట్టగానే అందరూ రాయించేవారు కాదు నాయనా. రెండేళ్ళకో నాలుగేళ్ళకో సభ ముందుకొచ్చి చెప్పుకునేవారు. సభ ఒప్పుకుంటే పేరూ, అసలు పుట్టిన తేదీ రాసేవారు. తండ్రి చేతికి ఒక చిన్న నకలు ఇచ్చేవారు."

"ఆ నకలు మీద పుస్తకం గుర్తు ఏం వేసేవారు?"

"ఎర్ర అంకె. కాగితం అంకె. పేజీ అంకెలు అప్పటికింకా లేవు కదా."

పరాంకుశం లేచి ఆమెకి నమస్కారం పెట్టాడు. ఆ సాయంత్రం ఆయన కమిషనరు గదిలో ఉద్యోగుల సర్వీసు పుస్తకాలు తెప్పించుకుని పది నిమిషాలు చూశాడు. మర్నాడు మూడు గంటలకి అందర్నీ సభ హాల్లోకి పిలవమన్నాడు.

* * *

గురువారం మూడింటికి హాల్లో పెద్ద బల్ల చుట్టూ అందరూ కూర్చున్నారు. బల్ల మధ్యలో తోలు అట్ట పుస్తకం, పక్కన లూయిస్ ఇచ్చేసిన తాళాల గుత్తి ఉన్నాయి. ఒక పక్క కమిషనరు, ఫిలోమినా టీచరు. ఎదురుగా లూయిస్, సరోజిని, సత్తిబాబు. సూర్యనారాయణ గోడ పక్కన విడిగా కుర్చీ వేసుకున్నాడు. బయట వాన మొదలైంది.

పరాంకుశం వీరవేణి చేతిలోని నోట్‌బుక్కు అడిగి తీసుకుని తెరిచి పట్టుకున్నాడు.

"కాగితం ఎవరు కోశారని అందరూ అడిగారు. నేను ముందు అడిగింది, ఏ వైపు చూస్తూ కోశారని. రేవు తీర్మానం నూట నలభై నాలుగో పేజీ. పుస్తకంలో అది ఎడమ చేతి వైపు వస్తుంది. అది కావలసినవాడు పుస్తకాన్ని అక్కడ తెరుస్తాడు, ఇలా. కాగితం ఎడమ పక్కన పడుకుని ఉంటుంది. కోస్తే బ్లేడు గీత దాని కింద ఉన్న కాగితం మీద, అంటే నూట నలభై రెండో పేజీ మీద పడాలి. అక్కడ గీత లేదు."

ఆయన ఒక కాగితం అటు తిప్పాడు.

"గీత నూట నలభై అయిదు మీద ఉంది. అంటే కోసేటప్పుడు కాగితం కుడి పక్కన ఉంది. కోసినవాడు చూస్తున్నది నూట నలభై మూడో పేజీ. ఆ మనిషికి రేవుతో పని లేదు. దాని వెనక రేవు తీర్మానం ఉందని కూడా తెలీదు."

హాల్లో కుర్చీ కదిలిన చప్పుడైంది. సూర్యనారాయణ ముందుకు వంగాడు.

"అందుకే మీరు కాదు, సూర్యనారాయణ గారూ. మీకు పనికొచ్చేది ఏదైనా ఉంటే అది రెండో వైపు, నూట నలభై నాలుగు. లూయిస్ గారూ కాదు. ఆయనకి కావాలంటే ఎన్నేళ్ళ నుంచో తీరిగ్గా తన గదిలో కోసుకోవచ్చు, భోజనాల వేళ పరాయి గదిలో కొయ్యక్కర్లేదు. మరి నూట నలభై మూడులో ఏముంది? ఆలస్యంగా రాయించిన పుట్టుకలు. మంగళవారం పొద్దున కమిషనరు గారు ప్రతి కాగితమూ చదివిస్తానన్నారు. ఆ మాటకి ఒకరు భయపడ్డారు. ఆ పేజీలో తన పేరు, తన అసలు పుట్టిన తేదీ ఉన్నాయి. వాళ్ళ నాన్నకిచ్చిన నకలు మీద ఎర్ర అంకె ఉంది. డెబ్భై రెండు. నూట నలభై నాలుగో పేజీ పోయిందని విన్నా, దానికీ తన డెబ్భై రెండుకీ సంబంధం ఏముంటుందనుకున్నారు. కాగితానికి రెండు పేజీలు. డెబ్భై రెండో కాగితం వెనక వైపే నూట నలభై నాలుగు."

వీరవేణి తన నోట్సు గుర్తు తెచ్చుకుంది. రేవు దగ్గర తాను రాసుకున్న మాట. ఆమె చూపు తనకి తెలీకుండానే బల్లకి అవతలి వైపు వెళ్ళింది. అటు చూడకుండా ఉంటే బాగుండుననిపించింది.

"కాగితం పోయాక పుస్తకం చూసింది ముగ్గురే," అన్నాడు పరాంకుశం, గొంతు తగ్గించి. "మిగతావాళ్ళందరూ విన్నది నూట నలభై నాలుగో పేజీ అనే మాట. నిన్న రేవు దగ్గర మాత్రం ఒకాయన నాతో డెబ్భై రెండో కాగితం అన్నారు. ఆయనే ఇంకో మాట కూడా చెప్పారు. మెట్లు కట్టేటప్పుడు కంకర తట్ట మోసి సగం కూలి తీసుకున్నానని. మెట్ల మీద సంవత్సరం ముప్పై నాలుగు. సర్వీసు పుస్తకంలో ఆయన పుట్టింది ఇరవై తొమ్మిదిలో. అయిదేళ్ళ పిల్లవాడికి ఎవరూ కంకర తట్ట ఎత్తరు."

ఎవరూ సత్తిబాబు పేరు చెప్పలేదు. అతనే లేచాడు. రేకు గొట్టం మూత తీసి, ప్లాన్ల చుట్టల మధ్యలోంచి నూనె కాగితంలో పెట్టిన కాగితం తీసి బల్ల మీద పరిచాడు. ఒక వైపు వరసగా పేర్లు. రెండో వైపు నిండా రాత, అడుగున ముద్ర.

"ఇరవై అయిదులో పుట్టానండి," అన్నాడు. "బళ్ళో చేర్చేటప్పుడు మేష్టారు ఇరవై తొమ్మిది అని వేశారు. ఉద్యోగంలో అదే వచ్చింది. నిజం చెప్పాలంటే నిరుడే దిగిపోవాలి. రెండేళ్ళుగా ఈ పథకం మీదే ఉన్నాను. దిగిపోతే దీన్ని ఎవరు చూస్తారో, చూస్తారో చూడరో... మూడేళ్ళు చాలనుకున్నాను. నా పేరు అక్షరాలు గుర్తుపట్టాను, కోశాను. వెనక ఏముందో చదవలేకపోయాను. సాయంత్రం నూట నలభై నాలుగు పోయిందన్నప్పుడు కూడా అర్థం కాలేదండి. రాత్రి ఇంటికెళ్ళి కాగితం తిప్పి చూస్తే అడుగున నల్ల అంకె కనిపించింది."

"అప్పుడైనా తిరిగి పెట్టెయ్యలేకపోయావా?" అన్నాడు లక్ష్మణరావు. కోపం కన్నా బాధ ఎక్కువ ఉంది ఆ గొంతులో.

"ఒక వైపు పెడితే రెండో వైపు కూడా వస్తుంది కదండీ. రెండు రోజులు చూశాను. అగ్గిపెట్టె కూడా చేతిలోకి తీసుకున్నాను. రేవుని తగలబెట్టడానికి చెయ్యి రాలేదు. శుక్రవారం పొద్దున ఎలాగైనా ఇచ్చేద్దామనే అనుకున్నాను. అంటే ఎవరు నమ్ముతారు లెండి."

లూయిస్ ఇంతసేపూ కదల్లేదు. ఇప్పుడు లేచి బల్ల చుట్టూ తిరిగి వచ్చాడు. కాగితాన్ని రెండు చేతులా ఎత్తి వెలుగులో పట్టుకుని అంచులు నాలుగూ చూశాడు. సత్తిబాబు వంక చూడలేదు.

"నా ఆర్డరు టైపయిన సంగతి నీకు తెలుసు," అన్నాడు.

"తెలుసండి."

"ముప్పై ఏళ్ళు పక్క పక్క గదుల్లో పనిచేశాం."

సత్తిబాబు రేకు గొట్టానికి మూత పెట్టాడు. లూయిస్ కాగితాన్ని పుస్తకంలో దాని చోట పెట్టి, పుస్తకం ఎత్తుకుని తన గదికి వెళ్ళిపోయాడు. తాళాల గుత్తి బల్ల మీద నుంచి తీసుకోవడం మర్చిపోలేదు.

కమిషనరు తెల్ల కాగితం ఒకటి ముందుకు లాక్కున్నాడు. "నేను రిపోర్టు రాయాలి సత్తిబాబూ. రికార్డు కోసినందుకు ఒకటి, వయసుకి ఒకటి. తప్పించలేను."

"తప్పించొద్దండి. రాయండి. ఒక్క మనవి. రేపు ఆ కాగితం వాళ్ళ ముందు నన్నే పెట్టనివ్వండి. ఎలా పోయిందో, ఎలా వచ్చిందో నేనే చెబుతాను. వేరేవాళ్ళు చెబితే కాగితం మీద అనుమానం ఉంటుంది. కోసినవాడే చెబితే ఉండదు."

లక్ష్మణరావు పరాంకుశం వంక చూశాడు.

"ఆయన అన్నది సరైన మాట," అన్నాడు పరాంకుశం.

* * *

శుక్రవారం పరాంకుశం కాకినాడ తిరిగి వెళ్ళాలి గాని వెళ్ళలేదు. వీరవేణి అడగనూ లేదు. ఇద్దరూ రేవు దగ్గర గట్టు మీద నుంచుని చూశారు.

కమిటీలో నలుగురు. హాల్లో సత్తిబాబు చెప్పినదంతా విని, కాగితాన్ని పుస్తకంలో మిగిలిన అంచుకి ఆనించి చూసుకుని, ఫిలోమినా టీచరు చేత మూడుసార్లు చదివించుకుని వచ్చారు. తీర్మానంలో ఉన్న నాలుగు హద్దు రాళ్ళూ చూపిస్తే సంతకాలు చేస్తామన్నారు. మూడు రాళ్ళు పొదల్లో దొరికాయి. నాలుగోది దొరకలేదు. ఆ పొద్దునే తాత్కాలికంగా ఓవర్సీరు బాధ్యత తీసుకున్న కుర్రవాడు ప్లాను పట్టుకుని అటూ ఇటూ తిరిగాడు. సూర్యనారాయణ గోడౌను అరుగు మీద చేతులు కట్టుకుని నుంచుని చూస్తున్నాడు.

దూరంగా నుంచున్న సత్తిబాబు పంచె ఎగ్గట్టుకుని నీళ్ళలోకి దిగాడు. తొడల్లోతు వరద నీరు. మెట్ల చివర నుంచి అడుగులు లెక్కపెట్టుకుంటూ దిగువకి నడిచి, ఒకచోట ఆగి, కాలితో తడిమి, వంగి రెండు చేతులూ బురదలో పెట్టాడు.

"ఇక్కడుందండి," అన్నాడు. "గట్టు కోసుకుపోయి రాయి నీళ్ళలో పడింది. కొలుచుకోండి."

కొలిచారు. సరిపోయింది. కమిటీ పెద్ద అక్కడే జీపు మీద కాగితాలు పరిచి సంతకం చేశాడు. దరియాలతిప్ప నుంచి వచ్చిన ఆడవాళ్ళు తట్టలు దించి చూస్తూ నుంచున్నారు. చప్పట్లు ఎవరూ కొట్టలేదు. ఒకామె సత్తిబాబుకి చెయ్యి అందించి గట్టు మీదకి లాగింది.

సంక్రాంతి వెళ్ళిన నెలకి లక్ష్మణరావు దగ్గర నుంచి ఉత్తరం వచ్చింది. వీరవేణి చదివి వినిపించింది. ఐసు ఫ్యాక్టరీ పునాదులు లేచాయట. సూర్యనారాయణ కోర్టుకి వెళ్ళాడట గాని, పని ఆపమని ఆర్డరు రాలేదట. సత్తిబాబు ఉద్యోగం పోయింది, విచారణ నడుస్తోంది, పింఛను సంగతి ఇంకా తేలలేదు. చేపలవాళ్ళ సంఘం తరఫున రోజూ ఏడింటికే వచ్చి మేస్త్రీల నెత్తిన కూర్చుంటున్నాడట. సిమెంటు పాళ్ళు తగ్గిస్తే ఊరుకోవడం లేదట. లూయిస్ అతనితో ఇప్పటికీ మాట్లాడటం లేదు.

"అంతేనా?" అన్నాడు పరాంకుశం.

"చివర్లో ఒక వాక్యం ఉంది సార్. రెండో గట్టుకి కావలసిన స్థలం కోసం పాత పుస్తకాలు మళ్ళీ మొదటి నుంచి చదివిస్తున్నారట. లూయిస్ గారు తెచ్చి పెడుతున్నారట, టీచరు చదువుతున్నారట. పుస్తకం తెరిచి ఉన్నంతసేపూ లూయిస్ గారు ఆ గదిలోంచి బయటికి వెళ్ళడం లేదట."

పరాంకుశం ఉత్తరం అందుకుని ఫైలులో పెట్టాడు. మెట్ల మీద ఎవరివో అడుగులు వచ్చి, ఆగాయి. వీరవేణి కొత్త నోట్‌బుక్కు తీసుకుంది.